ప్రాసెసర్ లోపలి లెక్కలు కెర్నల్‌లోకి ఎలా తెచ్చుకోవాలి: ఎక్స్‌వీ6లో పీఎంయూ

మొన్న మే నెలలో ఒక మధ్యాహ్నం, గుంటూరు బ్రాడీపేటలోని మా గదికి ఇంజనీరింగ్ మూడో ఏడాది అబ్బాయి ఒకడు ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు. "సార్, ఇదే ప్రోగ్రాం పొద్దున ఆరు సెకన్లలో అయిపోయింది. ఇప్పుడు తొమ్మిది పడుతోంది. ఒక్క లైను కూడా మార్చలేదు సార్" అన్నాడు టెన్షన్‌గా. ల్యాప్‌టాప్ అడుగున చెయ్యి పెడితే కాలిపోతోంది. "ఇన్‌స్ట్రక్షన్లు ఎన్ని నడిచాయి?" అని అడిగాను. "అది మనకెలా తెలుస్తుంది సార్?" అన్నాడు.

ప్రాసెసర్‌కి తెలుసు. ఎన్ని ఇన్‌స్ట్రక్షన్లు పూర్తయ్యాయి, ఎన్ని సైకిళ్లు గడిచాయి, క్యాష్‌లో దొరక్క మెమరీ దాకా ఎన్నిసార్లు పోవాల్సి వచ్చింది, ఇవన్నీ లెక్కపెట్టే కౌంటర్లు చిప్‌లోనే ఉంటాయి. ఆ భాగాన్నే పీఎంయూ (పర్ఫార్మెన్స్ మానిటరింగ్ యూనిట్) అంటారు. ఇంటెల్ 1993లో తెచ్చిన పెంటియంలోనే అలాంటివి రెండు ఉండేవి. లినక్స్ కెర్నల్‌లో ఈ పని 2009 నాటి 2.6.31 నుంచి పెర్ఫ్ అనే భాగం చూసుకుంటోంది. అయితే పెర్ఫ్ కమాండ్ కొట్టి నంబరు చూడటం వేరు, ఆ నంబరు కెర్నల్‌లోకి ఎలా వస్తుందో మన చేతులతో కట్టి చూడటం వేరు. రెండోది ఒక్కసారి చేస్తే, ఏ నంబరును నమ్మాలో ఏది నమ్మకూడదో మీకే తెలిసిపోతుంది. అందుకే ఎంఐటీ వాళ్లు పాఠాల కోసం రాసిన చిన్న కెర్నల్ ఎక్స్‌వీ6 తీసుకుందాం. ఇప్పుడు వాళ్లు రిస్క్-ఫైవ్ వెర్షన్ వాడుతున్నారు. మనకు కావాల్సింది పాత 32 బిట్ల ఎక్స్86 వెర్షన్. సీ భాష, కొంచెం అసెంబ్లీ వస్తే చాలు.

ముందు మీ మెషిన్ ఒప్పుకుంటుందో లేదో చూడండి

ఎక్కువ మంది ఇక్కడే రెండు రోజులు పోగొట్టుకుంటారు, కాబట్టి కోడ్ ముట్టుకోకముందే ఇది తేల్చుకోండి. ఎక్స్‌వీ6ని నడిపే క్యూఎము అనే ఎమ్యులేటర్ తనంతట తాను ప్రాసెసర్‌ని నటించేటప్పుడు ఎక్స్86 పీఎంయూని నటించదు. కేవీఎం (అసలు ప్రాసెసర్ మీదే నేరుగా నడిపించే లినక్స్ సదుపాయం) ఆన్ చేసి, సీపీయూ రకం దగ్గర "హోస్ట్" అని ఇవ్వాలి. ఎక్స్‌వీ6 మేక్‌ఫైల్‌లో క్యూఎము ఎక్స్‌ట్రా అనే వేరియబుల్ ఉంది, ఆ రెండు ఆప్షన్లూ దాని ద్వారా పంపితే సరిపోతుంది. అంటే కింద లినక్స్ నేరుగా ఇన్‌స్టాల్ అయి ఉండాలి. వర్చువల్‌బాక్స్ లోపల లినక్స్ పెట్టుకుని, అందులో మళ్లీ ఇది నడపాలంటే కుదరదు. ఇంటెల్ 12వ తరం నుంచి పెద్ద కోర్లు, చిన్న కోర్లు కలిపి వచ్చిన ల్యాప్‌టాప్‌లలో కేవీఎం లోపలి కెర్నల్‌కి పీఎంయూ చూపించకపోవచ్చు. అలాంటప్పుడు కాలేజీ ల్యాబులో మూల పడి ఉన్న పాత ఐ3, ఐ5 డెస్క్‌టాప్ అడిగి తెచ్చుకోండి. ఈ పనికి అదే మేలు.

అసలు పరీక్ష ఇది. కెర్నల్ మొదలయ్యే చోట ప్రాసెసర్ తన వివరాలు చెప్పే సీపీయూఐడీ ఇన్‌స్ట్రక్షన్‌ని ఈఏఎక్స్ రిజిస్టర్‌లో 10 పెట్టి పిలవండి. తిరిగొచ్చిన ఈఏఎక్స్‌లో అడుగు 8 బిట్లు పీఎంయూ వెర్షన్, తర్వాతి 8 బిట్లు మామూలు కౌంటర్లు (ఏ సంఘటన, అంటే ఈవెంట్, లెక్కపెట్టాలో మనం చెప్పేవి) ఎన్ని ఉన్నాయో, ఆ తర్వాతి 8 బిట్లు ఒక్కో కౌంటర్ వెడల్పు ఎంతో చెబుతాయి. ఈడీఎక్స్‌లోని అడుగు 5 బిట్లు స్థిర కౌంటర్ల (ఒకే లెక్కకి కట్టుబడినవాటి) సంఖ్య. వెర్షన్ 2 లేదా అంతకంటే ఎక్కువ వస్తే ముందుకు వెళ్లండి. సున్నా వస్తే అక్కడే ఆగి మెషిన్ సంగతి చూడండి. ఈబీఎక్స్ మాత్రం కొంచెం తిరకాసు: అందులో ఏదైనా బిట్ విలువ 1 అయితే దానికి చెందిన ఈవెంట్ లేదని అర్థం, ఉందని కాదు.

ఏఎండీ ప్రాసెసర్ అయితే ఈ పరీక్షలో సున్నాలే వస్తాయి. వాటి రిజిస్టర్లు వేరు: అదుపు రిజిస్టర్లు హెక్సా సి0010000 నుంచి నాలుగు, కౌంటర్లు సి0010004 నుంచి నాలుగు, వెడల్పు 48 బిట్లు. ఆలోచన ఒకటే కాబట్టి ఇది ఇంటెల్ మీద అర్థమైతే అదీ చేసుకోగలరు.

ఇంకొక్కటి. హోస్ట్ లినక్స్ (కింద అసలు మెషిన్‌లో నడిచేది) తన ఎన్‌ఎంఐ వాచ్‌డాగ్ (కోర్ ఇరుక్కుపోయిందేమో కనిపెట్టే కాపలా) కోసం ఒక కౌంటర్‌ని ముందే పట్టుకుని కూర్చుంటుంది. ప్రోక్ కింద సిస్, దాని కింద కెర్నల్ ఫోల్డర్లో ఎన్‌ఎంఐ వాచ్‌డాగ్ ఫైలుంటుంది. రూట్‌గా అందులో 0 రాసేయండి.

రిజిస్టర్లతో మాట్లాడటం

కౌంటర్లన్నీ ఎంఎస్ఆర్‌లు, అంటే ప్రాసెసర్‌లోని ప్రత్యేక రిజిస్టర్లు. వాటిని చదవడానికి ఒక ఇన్‌స్ట్రక్షన్, రాయడానికి ఒకటి: ఆర్‌డీఎంఎస్ఆర్, డబ్ల్యూఆర్ఎంఎస్ఆర్. ఈసీఎక్స్‌లో రిజిస్టర్ నంబరు పెట్టాలి. విలువలో పై సగం ఈడీఎక్స్‌లో, కింది సగం ఈఏఎక్స్‌లో ఉంటాయి. ఎక్స్‌వీ6లో ఇలాంటి చిన్న ఫంక్షన్లన్నీ ఎక్స్86 హెడర్‌లో ఉంటాయి, మీవి కూడా అక్కడే చేర్చండి. 64 బిట్ల టైపు ఆ కెర్నల్‌లో లేదు, టైప్స్ హెడర్‌లో ఒక లైను కలపాలి. లేని ఎంఎస్ఆర్‌ని ముట్టుకుంటే ట్రాప్ 13 వచ్చి కెర్నల్ పానిక్ అవుతుంది. అది కనిపిస్తే కంగారు పడకండి, ముందు నంబరు సరిగా టైప్ చేశారో లేదో చూసుకోండి.

మొదట స్థిర కౌంటర్లతోనే మొదలుపెట్టండి. ఈవెంట్ ఏదని వాటికి చెప్పాల్సిన పని లేదు. హెక్సా 309 పూర్తయిన ఇన్‌స్ట్రక్షన్లు లెక్కపెడుతుంది. 30ఏ కోర్ నడిచిన సైకిళ్లు. 30బి రిఫరెన్స్ సైకిళ్లు, అంటే కోర్ వేగం పెరిగినా తగ్గినా మారని ఒకే లయలో నడిచే లెక్క. వీటికి అదుపు రిజిస్టర్ 38డి. ఒక్కో కౌంటర్‌కి అందులో నాలుగు బిట్లు. ఆ నాలుగింట్లో మొదటిది కెర్నల్ కోడ్ లెక్కపెట్టమని, రెండోది యూజర్ కోడ్ లెక్కపెట్టమని. యూజర్ కోడ్ మాత్రమే కావాలి కాబట్టి హెక్సాలో 222 రాయండి.

అంతటితో కౌంటర్లు నడవవు. 38ఎఫ్ అనే మెయిన్ స్విచ్ ఉంది. మామూలు కౌంటర్ల బిట్లు అందులో 0 నుంచి ఉంటాయి, స్థిర కౌంటర్లవి 32, 33, 34. అంటే స్థిర కౌంటర్ల బిట్లు పడేది పై సగంలో. 32 బిట్ల కెర్నల్‌లో పనిచేసేవాళ్లకి చెయ్యి కింది సగానికే అలవాటు పడి ఉంటుంది, ఈడీఎక్స్‌లో 7 పెట్టడం మర్చిపోతారు, మూడు కౌంటర్లూ సున్నా దగ్గరే ఆగిపోతాయి. మీకు సున్నాలే వస్తుంటే ముందు ఇది చూడండి.

ఇప్పుడు మామూలు కౌంటర్ ఒకటి. మొదటి కౌంటర్ నంబరు హెక్సా సి1, దాని అదుపు రిజిస్టర్ 186. చిట్టచివరి క్యాష్‌లో కూడా దొరకని సందర్భాలు లెక్కపెట్టాలంటే ఈవెంట్ 2ఇ, దాని మాస్క్ (ఆ ఈవెంట్‌లో ఏ రకమో చెప్పే అంకె) 41. యూజర్ కోడ్ బిట్ 16వది, ఆన్ చేసే బిట్ 22వది. అన్నీ కలిపితే హెక్సా 41412ఇ అవుతుంది. ఈ సంఖ్యని నా మాట మీద కాకుండా కాగితం మీద మీరే ఒకసారి కూడి చూడండి, బిట్లు ఎక్కడివక్కడ మనసులో నిలబడతాయి. 38ఎఫ్ కింది సగంలో 1 పెట్టడం కూడా మర్చిపోవద్దు.

ఈ సెట్టింగులన్నీ ఒక ఫంక్షన్‌గా రాసి ఎంపీమెయిన్ నుంచి పిలవండి, మెయిన్ నుంచి కాదు. ప్రతి కోర్‌కి తన కౌంటర్లు తనకే ఉంటాయి. మెయిన్ నడిచేది మొదటి కోర్ మీద మాత్రమే. ఎంపీమెయిన్ గుండా ప్రతి కోరూ వెళుతుంది.

ఎవరి లెక్క వాళ్లకి

ఈ పనిలో కష్టమంతా ఈ భాగంలోనే ఉంది. కౌంటర్ కోర్‌ది. మనకు కావాల్సింది ప్రాసెస్ లెక్క. మిర్చి యార్డులో ఒక్క కాటా మీద పదిమంది రైతుల టిక్కీలు ఒకదాని వెనక ఒకటి ఎక్కుతుంటాయి. గుమాస్తా ఒక రైతు సరుకు దిగి ఇంకొకరిది ఎక్కే ఆ క్షణంలో గీత గీయకపోతే, సాయంత్రానికి మొత్తం సరిగానే ఉంటుంది, ఎవరికి ఎంత ఇవ్వాలో మాత్రం తేలదు. కెర్నల్‌లో ఆ గీత గీయాల్సిన చోటు షెడ్యూలర్.

ఎక్స్‌వీ6 షెడ్యూలర్ ఫంక్షన్ తెరవండి. ప్రాసెస్‌ని ఎంచుకుని, స్విచ్‌యూవీఎం పిలిచి, స్థితిని రన్నింగ్ అని మార్చి, ఆ తర్వాత ఆ ప్రాసెస్‌లోకి మారే ఎస్‌డబ్ల్యూటీసీహెచ్ ఫంక్షన్ పిలుస్తుంది. ప్రాసెస్ తన వంతు ముగించుకున్నాక ఇదే లైను తర్వాత, ఇదే కోర్ మీద, కంట్రోల్ తిరిగి వస్తుంది. కాబట్టి ఆ పిలుపుకు ముందు లైనులో కౌంటర్లు చదివి "మొదలు" అని దాచండి. తర్వాతి లైనులో మళ్లీ చదివి, తేడాని ఆ ప్రాసెస్ ఖాతాలో కలపండి. ఆ రెండు చోట్లా పీటేబుల్ (ప్రాసెస్ పట్టిక) లాక్ చేతిలోనే ఉంటుంది, ఇంటరప్ట్‌లు ఆగి ఉంటాయి, కాబట్టి మధ్యలో ఎవరూ దూరరు. కౌంటర్లను సున్నా చేయడం గురించి ఆలోచించకండి. తేడా తీయడం తేలికా, క్షేమమూ.

తేడా తీసేటప్పుడు కౌంటర్ వెడల్పుకి మించిన బిట్లు కొట్టేయాలి. 48 బిట్ల కౌంటర్ 3 గిగాహెర్ట్జ్ దగ్గర సైకిళ్లు లెక్కపెడితే సుమారు 26 గంటల్లో చుట్టు తిరిగి సున్నాకి వస్తుంది. మాస్క్ వేస్తే ఆ చుట్టు కూడా తీసివేతలో సరిపోతుంది. ఇక ఆ తేడాని 32 బిట్ల వేరియబుల్‌లో పెట్టారంటే, అదే వేగానికి 1.4 సెకన్లకే నిండిపోతుంది.

ప్రోక్ స్ట్రక్చర్‌లో ఈ ఖాతాలకు ఫీల్డులు కలపాలి, అల్లక్‌ప్రోక్‌లో వాటిని సున్నా చేయాలి. ఈ రెండో పని నేను మొదటిసారి చేసినప్పుడు వదిలేశాను. ఎక్స్‌వీ6 ప్రాసెస్ పట్టికలో 64 గదులే ఉంటాయి, ఒకటి ఖాళీ అయితే దాన్నే మళ్లీ వాడుతుంది. ఒక ప్రోగ్రాం మొదటిసారి నడిపితే సరైన లెక్క, రెండోసారి రెట్టింపు, మూడోసారి ఇంకా ఎక్కువ. సమస్య హార్డ్‌వేర్‌లో ఉందనుకుని ఒక రాత్రంతా ఇంటెల్ మాన్యువల్ తిరగేశాను. పాత అద్దెదారు కరెంటు బిల్లు కొత్త అద్దెదారు మీద పడుతోందని తెల్లవారుజామున తట్టింది.

యూజర్ ప్రోగ్రాంకి చూపించడం

కొత్త సిస్టమ్ కాల్ ఒకటి కావాలి. ఎక్స్‌వీ6లో ఇప్పటికి 21 ఉన్నాయి, మీది 22. సిస్‌కాల్ హెడర్, సిస్‌కాల్ సీ ఫైలు, సిస్‌ప్రోక్, యూజర్ హెడర్, యూసిస్ అసెంబ్లీ ఫైలు, ఈ ఐదింటిలో పేరు కలపాలి. అప్‌టైమ్ కాల్ ఎక్కడెక్కడ కనిపిస్తుందో వెతికి, దాని పక్కనే రాసుకుంటూ పోతే ఏదీ మిస్ కాదు.

కాల్ లోపల ఒక మెలిక ఉంది. ఖాతాలో ఉన్నది కిందటి వంతు వరకు లెక్క మాత్రమే, ఇప్పుడు నడుస్తున్న వంతు అందులో ఇంకా చేరలేదు. చిన్న ప్రోగ్రాం ఒక్క వంతులోనే అయిపోతే సున్నా కనిపిస్తుంది. కాబట్టి ఇప్పటి కౌంటర్ విలువ చదివి, "మొదలు" తీసేసి, ఖాతాతో కలిపి ఇవ్వాలి. ఆ చదవడం, తీయడం మధ్యలో టైమర్ ఇంటరప్ట్ వచ్చి ప్రాసెస్ వేరే కోర్ మీదకి వెళ్లిపోతే ఒక కోర్ అంకెలోంచి ఇంకో కోర్ అంకె తీసినట్టవుతుంది. ఈ పనిని ఇంటరప్ట్‌లు ఆపే పుష్‌సీఎల్ఐ, మళ్లీ తెరిచే పాప్‌సీఎల్ఐ మధ్యలో పెట్టండి.

ప్రింట్ చేసేటప్పుడు ఎక్స్‌వీ6 ప్రింట్‌ఎఫ్‌కి 64 బిట్ల సంఖ్యలు తెలియవు. 10తో భాగించి అంకెలు తీద్దామనుకుంటే లింకర్ యూడీఐవీడీఐ3 అనే ఫంక్షన్ దొరకలేదంటుంది. 32 బిట్లలో 64 బిట్ల భాగహారం కంపైలర్ లైబ్రరీ చేస్తుంది, ఎక్స్‌వీ6 దాన్ని లింక్ చేయదు. పై సగం, కింది సగం విడివిడిగా హెక్సాలో వేసి, కాలిక్యులేటర్‌లో మార్చుకోండి. షిఫ్ట్ చేసి 1024ల లెక్కన చూపించినా ఇబ్బంది లేదు.

జవాబు ముందే తెలిసిన లెక్కతో సరిచూడండి

దీన్ని దాటేసి ముందుకు పోకండి, దయచేసి. అసెంబ్లీలో రెండే ఇన్‌స్ట్రక్షన్ల లూప్ రాయండి: ఒకటి తగ్గించు, సున్నా కాకపోతే వెనక్కి దూకు. పది కోట్ల సార్లు తిప్పండి. ఇన్‌స్ట్రక్షన్ల లెక్క 20 కోట్లు, పైన కొద్దిగా రావాలి. ఆ కొద్దిగా ఎక్కువ ప్రోగ్రాం మొదట్లో, చివర్లో నడిచే కోడ్‌ది. టైమర్ ఇంటరప్ట్‌ల వల్ల కూడా కాస్త చేరొచ్చు. ప్రాసెసర్ లోపల ఈ జతని ఒకటిగా కలిపి నడిపినా, లెక్కలో రెండుగానే పడతాయి. 10 కోట్లు వచ్చినా 40 కోట్లు వచ్చినా మీ కోడ్‌లోనే తప్పుంది. రెండు కోర్లతో ఒకసారి, ఒక్క కోర్‌తో ఒకసారి నడపండి. అంకె మారితే ఒక కోర్ మీద సెట్టింగు పడలేదు. అదే లూప్‌ని రెండు ప్రాసెస్‌లుగా ఒకేసారి నడిపి చూడండి. ఒకరి లెక్క ఇంకొకరికి పోతే షెడ్యూలర్‌లో గీత తప్పు చోట పడింది.

తర్వాత క్యాష్. మెమరీ అడిగే ఎస్‌బీఆర్‌కే కాల్‌తో 64 మెగాబైట్లు తీసుకోండి. 4096 వరసలు, వరసకి 4096 పూర్ణాంకాలు. ముందు వరస వెంట, తర్వాత నిలువు వెంట కూడండి. క్యాష్ లైను 64 బైట్లు, అంటే 16 పూర్ణాంకాలు. వరస వెంట పోతే 16 పూర్ణాంకాలకు ఒక్క కొత్త లైను చాలు, ప్రాసెసర్ ముందే ఊహించి తెచ్చుకుంటుంది కూడా. నిలువుగా పోతే ప్రతి అడుగూ కొత్త లైనే. ఇన్‌స్ట్రక్షన్ల లెక్క ఇంచుమించు ఒకటే ఉండి, క్యాష్ మిస్‌లు మాత్రం బాగా పెరగాలి. ఆ రెండు అంకెలు పక్కపక్కన మొదటిసారి చూసినప్పటి సంతోషం నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఆ అబ్బాయి ల్యాప్‌టాప్ సంగతి కూడా ఇక్కడే తేలింది. పాత మోడల్ కావడంతో అతని మెషిన్‌లోనే ఇదంతా కట్టుకుని, మర్నాడు పొద్దున ఒకసారి, ఎండ ముదిరాక ఒకసారి నడిపాడు. రెండుసార్లూ ఇన్‌స్ట్రక్షన్లు ఒకటే, కోర్ సైకిళ్లు కూడా దాదాపు ఒకటే. పెరిగింది రిఫరెన్స్ సైకిళ్లు. అంటే పని పెరగలేదు, వేడికి ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంది. కోర్ సైకిళ్లను రిఫరెన్స్ సైకిళ్లతో భాగిస్తే ఎంత తగ్గించుకుందో కూడా తెలుస్తుంది. "అయితే సార్, నా కోడ్ తప్పు కాదు" అని అతను అనడంలో ఎంత ఊరటో.

ఎక్కడ జరుగుతోందో పట్టుకోవడం: శాంపిలింగ్

ఇప్పటిదాకా ఎన్ని అన్నది తెలిసింది. ఏ లైనులో అన్నది తెలియాలంటే ఓవర్‌ఫ్లో ఇంటరప్ట్ కావాలి. యార్డులో కొనేవాళ్లు ప్రతి టిక్కీ విప్పరు, మధ్యమధ్యలో ఒకటి విప్పి రంగు, తేమ చూస్తారు. మనం ప్రతి లక్ష క్యాష్ మిస్‌లకు ఒకసారి ఆపి, ప్రోగ్రాం ఎక్కడుందో చూస్తాం. కౌంటర్‌లో మైనస్ లక్ష రాస్తే, లక్ష లెక్కపెట్టాక అది సున్నా దాటి ఇంటరప్ట్ ఇస్తుంది. సి1లో రాసే విలువలో కింది 32 బిట్లే తీసుకుని, గుర్తుతో సహా కౌంటర్ వెడల్పుకి సాగదీస్తుంది ప్రాసెసర్. కాబట్టి మీరు పెట్టే దూరం 2 వందల కోట్లు దాటకుండా చూసుకోండి. 186లో 20వ బిట్ కూడా కలపాలి, విలువ హెక్సా 51412ఇ అవుతుంది.

ఇంటరప్ట్ వచ్చే దారి లోకల్ ఏపీఐసీ, అంటే ప్రతి కోర్‌కి ఇంటరప్ట్‌లు అందించే భాగం. ల్యాపిక్ ఫైలు తెరిస్తే పీసీఇంట్ అనే పేరు ఇప్పటికే కనిపిస్తుంది. ఎక్స్‌వీ6 రాసినవాళ్లు ఈ తలుపు గుర్తించి మూసి ఉంచారు, మాస్క్‌డ్ అని. అక్కడ ఖాళీగా ఉన్న ఇంటరప్ట్ నంబరు, ఉదాహరణకు 32కి 25 కలిపి 57, పెట్టండి. ట్రాప్ ఫైల్లో ఆ నంబరుకి ఒక కేస్ రాయండి.

హ్యాండ్లర్‌లో చేయాల్సినవి ఇవి. 38ఇ చదివి ఏ కౌంటర్ నిండిందో చూడాలి. ట్రాప్‌ఫ్రేమ్‌లోని ఈఐపీని (ప్రోగ్రాం ఆగిన చోటి చిరునామా), అది యూజర్‌దా కెర్నల్‌దా అన్న సంగతితో సహా, ఆ కోర్ సొంత బఫర్‌లో రాయాలి. నిండేలోపు సి1లో ఎంత లెక్క పడిందో ఖాతాలో వేసి, మళ్లీ మైనస్ లక్ష రాయాలి. షెడ్యూలర్‌లో దాచిన "మొదలు"ని కూడా ఈ కొత్త విలువకి మార్చాలి, లేకపోతే ముందు కట్టిన లెక్క పాడవుతుంది. 390లో ఆ బిట్ రాసి ఓవర్‌ఫ్లో గుర్తు చెరపాలి. తర్వాత పీసీఇంట్‌ని మళ్లీ తెరవాలి. ఇంటరప్ట్ ఇవ్వగానే ప్రాసెసర్ ఆ మాస్క్ బిట్‌ని తనే వేసేస్తుంది, మనం తీయకపోతే రెండోది ఎప్పటికీ రాదు. "ఒక్క శాంపిలే వచ్చింది, ఆగిపోయింది" అంటే కారణం దాదాపు ఎప్పుడూ ఇదే. ల్యాపిక్‌డబ్ల్యూ ఫంక్షన్ ఆ ఫైలుకే పరిమితం కాబట్టి, తెరిచే పనికి అక్కడే చిన్న ఫంక్షన్ రాసి ట్రాప్ నుంచి పిలవండి. చివర్లో, ఇంటరప్ట్ పని ముగిసిందని చెప్పే ల్యాపిక్‌ఈఓఐ పిలవాలి.

వచ్చిన చిరునామా అసలు దోషి ఇన్‌స్ట్రక్షన్‌ది కాకుండా, దానికి కొంచెం తర్వాతది కావచ్చు. ఇంటరప్ట్ చేరేలోపు ప్రాసెసర్ ముందుకు పోతుంది. అందుకే ఒక్క చిరునామా మీద తీర్పు ఇవ్వకండి, వేలల్లో పోగుచేసి, దగ్గరదగ్గరగా పడ్డవాటిని కలిపి చూడండి.

కెర్నల్ కోడ్‌ని కూడా శాంపిల్ చేయాలంటే 17వ బిట్ కలపండి. అప్పుడు ఒక వింత కనిపిస్తుంది: శాంపిళ్లు పాప్‌సీఎల్ఐ దగ్గర గుట్టగా పడతాయి. ఆ ఫంక్షన్ నెమ్మది కాదు. లాక్ పట్టుకున్నంతసేపూ ఇంటరప్ట్‌లు ఆగి ఉంటాయి, తలుపు తెరిచిన చోట అన్నీ ఒకేసారి వచ్చి పడతాయి. లోపల నిజంగా ఏం జరుగుతోందో చూడాలంటే పీసీఇంట్‌లో మామూలు నంబరు బదులు ఎన్‌ఎంఐ (ఆపడానికి వీల్లేని ఇంటరప్ట్) పద్ధతి పెట్టాలి, ట్రాప్‌లో 2వ నంబరు కేస్ రాయాలి, అందులో ల్యాపిక్‌ఈఓఐ ఉండకూడదు. అక్కడ లాక్ ఏదీ పట్టుకోవద్దు, సీప్రింట్‌ఎఫ్ అసలు పిలవద్దు. అదే కోర్ కన్సోల్ లాక్ పట్టుకుని ఉన్న క్షణంలో ఎన్‌ఎంఐ వస్తే, అక్వైర్ దగ్గర పానిక్ అవుతుంది. బఫర్‌లో రాసి బయటికి వచ్చేయడమే హ్యాండ్లర్ పని. ప్రింట్ చేయడం తర్వాత, సిస్టమ్ కాల్‌లో.

పోగైన చిరునామాలను ఫంక్షన్ పేర్లుగా మార్చడానికి వేరే టూల్ అక్కర్లేదు. మేక్ కొట్టినప్పుడల్లా ఎక్స్‌వీ6 కెర్నల్ పేరుతో సింబల్ ఫైలు, అసెంబ్లీ లిస్టింగు కూడా తయారవుతాయి. చిరునామాలను వరసలో పెట్టి సింబల్ ఫైలుతో పోల్చే ఇరవై లైన్ల పైథాన్ రాసుకోండి. క్యాష్ మిస్‌ల బదులు 186లో ఈవెంట్ 3సి, మాస్క్ 0 పెట్టి కోర్ సైకిళ్లను శాంపిల్ చేస్తే, ఏ ప్రోగ్రామూ నడపకపోయినా షెడ్యూలర్, అక్వైర్, రిలీజ్ పేర్లే పైన కనిపిస్తాయి. ఎక్స్‌వీ6 ఖాళీగా ఉన్నప్పుడు కోర్‌ని నిద్రపుచ్చదు, పని కోసం పట్టిక చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. ఖాళీగా ఉన్నప్పుడు హెచ్‌ఎల్‌టీ ఇన్‌స్ట్రక్షన్ పెట్టి, మళ్లీ సైకిళ్లు లెక్కపెట్టి చూడటం ఇక్కడి నుంచి మీరు చేయాల్సిన మొదటి పని.